ఇరవై ఐదు గళ్ళ కోట

కత్తుల వంతెన చివరి పలక మీద నుంచి మాచన ఇవతలికి దూకాడో లేదో, వెనకనున్న వంతెన మొత్తం విసనకర్ర మడిచినట్టు మడుచుకుపోయి అగాధంలోకి జారింది. కత్తులు ఒకదానికొకటి తగిలిన మోత కొండల మధ్య చాలాసేపు తిరిగింది. మాచన ఒళ్ళంతా తడుముకున్నాడు. పట్టు శాలువా అంచు జానెడు తెగింది, అంతే. తల మీది విద్వాంసుల కుళ్ళాయి, చంకలోని తాళపత్రాల కట్ట భద్రంగానే ఉన్నాయి. ఆ కట్టలో ఒక్క అక్షరం కూడా లేదు. ఉన్నా మాచన చదవలేడు. అతను నీలవేణి నది మీద పడవ నడుపుకునేవాడు.

ఎదురుగా మధ్యాహ్నపు ఎండలో ధూమగిరి కోట మెరుస్తోంది. నల్లరాతి గోడల మీద పగడాల తీగలు పాకించి ఉన్నాయి. బురుజు బురుజుకీ ఒక వెండి నెమలి, దాని నోట్లోంచి సన్నగా పొగ. కొండ చుట్టూ నీలవేణి వడ్డాణంలా తిరిగి పారుతోంది. పడమటి గోడ కింద ఒక రేవు, ఆ రేవులో ఎవరిదో పాత పడవ, తాడుకు కట్టి ఉంది. పడవ కనిపించగానే మాచన కాళ్ళు అటు లాగాయి. కూర్చోవడానికి పడవలో అడ్డంగా వేసే పలక మీద అతని చూపు నిలిచింది. ఆ పలక బోసిగా ఉంది. దాని మీద గళ్ళు లేవు.

అతని పడవ పలక మీద గళ్ళు ఉండేవి. అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు, మొత్తం ఇరవై ఐదు. నీలవేణి రేవుల్లో అందరూ ఆడేది ఐదు గళ్ళ చదరంగమే. పలక అంతకంటే వెడల్పు ఉండదు, రేవు దాటే సమయం అంతకంటే పెద్ద ఆటకు చాలదు. అవతలి ఒడ్డు తగిలేలోగా ఆట ముగియాలి. ఆట ముగిసిన చోటు నుంచి ఓడినవాడు తెడ్డు పట్టాలి. అది ఆ రేవు కట్టుబాటు. రాజైనా సరే, సన్యాసైనా సరే.

మాచన పెళ్ళయిన నాటి నుంచీ తెడ్డు పడుతూనే ఉన్నాడు. అతని భార్య చెంగలువను ఆ ఆటలో ఓడించినవాడు రెండు ఒడ్డుల్లోనూ లేడు. మూడేళ్ళ కిందట ధూమకంఠుడనే మాంత్రికుడు బాటసారి వేషంలో వాళ్ళ పడవెక్కాడు. అరవై నాలుగు గళ్ళ చదరంగంలో ఏడు రాజ్యాల పండితుల్ని ఓడించినవాడు. సరదాకి చెంగలువతో ఆడి, నది సగం దాటకముందే ఓడిపోయాడు. చెంగలువ నవ్వుతూ తెడ్డు అతని ఒళ్ళో పెట్టింది. పడవలోని పాతిక మంది చూస్తుండగా వాడు తెడ్డు పట్టి ఒడ్డు దాకా తోశాడు. ఒడ్డు తగలగానే గొంతులోంచి నల్లటి పొగ వదిలాడు. పొగ విడిపోయేసరికి చెంగలువ నిలబడ్డ చోట బొటనవేలంత ఏనుగుదంతపు బంటు ఒకటి పడి ఉంది. దాన్ని తీసి చందనపు పెట్టెలో వేసుకుని వాడు వెళ్ళిపోయాడు.

రేవు పక్కనే గంగమ్మ గుడి. అన్నీ చూసిన తల్లి ఆ పూట ఎందుకు ఊరుకుందని మాచన మూడేళ్ళుగా దీపం పెట్టిన ప్రతిసారీ అడుగుతున్నాడు. అడుగుతూనే దీపం పెడుతున్నాడు.

చివరికి గవ్వల కొండ మీది తపసి దారి చెప్పాడు. "ఏ మంత్రానికైనా ఒక తలుపు ఉంచాలి నాయనా, లేకపోతే అది నిలవదు. వాడి మంత్రానికి తలుపు ఆ ఆటలోనే ఉంది. ఎవరైనా కోరి ఐదు గళ్ళ ఆట అడిగితే వాడు ఆ పెట్టె తెరవక తప్పదు. నీ భార్య అవతలి చివరి వరుస చేరితే మళ్ళీ మనిషవుతుంది. మధ్యలో చంపబడితే పొడి అవుతుంది. ఆమె దారిలో ఉండగానే ఆట ముగిస్తే పెట్టె మూసుకుంటుంది. మళ్ళీ పన్నెండేళ్ళకు గాని తెరుచుకోదు."

మాచన పడమటి రేవు మీది చూపు తిప్పుకుని కోట గుమ్మం వైపు నడిచాడు.

గుమ్మం ముందు గుమ్మటుడనే రాక్షసుడు ఒక రోలంత ముంతలోంచి అటుకులు బుక్కుతున్నాడు. మాచనను చూసి నమలడం ఆపలేదు.

"ఎవరు?"

"విద్యాధరపురం నుంచి వచ్చిన చదరంగ విద్వాంసుణ్ణి. నీ ఏలికతో ఆడాలి."

"విద్వాంసులు చాలామందే వచ్చారు. వెళ్ళినవాళ్ళని చూడలేదు." గుమ్మటుడు లేచి అతని చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. "ఇదేం అరచెయ్యయ్యా, గుర్రపు డెక్కలా ఉంది. విద్వాంసుల చేతులు వెన్నలా ఉంటాయి."

"మా గురువుగారి పావులు రాతివి. ఒక్కోటి మణుగు బరువు. పన్నెండేళ్ళు ఎత్తి దించితే ఇలాగే అవుతాయి."

గుమ్మటుడు కాసేపు ఆలోచించాడు. ఆలోచించడం వాడికి కష్టమని ముఖంలోనే తెలుస్తోంది. "రాతి పావులు కూడా ఉంటాయా?"

"మీ కోటలో లేవా? పేరున్న కోట కదా, ఉంటాయనుకున్నాను."

"ఎందుకు లేవు. లోపలికి పోతే నీకే తెలుస్తుంది," అని గుమ్మటుడు పంతంగా తలుపు తోశాడు. మాచన లోపల అడుగు పెట్టగానే తలుపు మూసుకుంది. బయటి నుంచి గుమ్మటుడి నవ్వు, మళ్ళీ అటుకులు నమిలే చప్పుడు వినిపించాయి.

లోపల పొడుగాటి నడవ. నేలంతా తెలుపు నలుపు గళ్ళు. అటూ ఇటూ రాతి ఏనుగులు, రాతి గుర్రాలు. మాచన మొదటి గడిలో కాలు పెట్టగానే కుడివైపు ఏనుగు కన్ను తెరిచింది. నేల దద్దరిల్లేలా సూటిగా వచ్చి, అతను పక్క గడిలోకి గెంతిన క్షణంలో ఎదుటి గోడను గుద్ది ఆగిపోయింది. రెండో ఏనుగు కూడా అంతే. సూటిగా తప్ప రాలేవవి. మాచనకు భయం సగం తగ్గింది. అంతలో ఒక గుర్రం గాల్లోకి లేచింది. రెండు గళ్ళు ముందుకు, ఒక గడి పక్కకు. మాచన దానికి దూరంగా పారిపోలేదు. దాని మెడ పక్క గడిలోకే వెళ్ళి ఆనుకుని నిలబడ్డాడు. గుర్రం తనను ఆనుకున్నవాణ్ణి ఏమీ చేయలేదు. మూడు గుర్రాలూ చుట్టూ ఎగిరెగిరి పడుతుంటే అతను ఒక్కో గుర్రం పక్కన నక్కుతూ, ఏనుగుల దారి తప్పుకుంటూ, నడవ చివరి తలుపును భుజంతో గుద్దుకుని లోపల పడ్డాడు. కుళ్ళాయి ఎక్కడో పోయింది.

లేచి చూస్తే సభామంటపం. పైకప్పుకు ముత్యాల జాలర్లు. స్తంభాలకు చుట్టిన బంగారు పాములు ఊపిరి తీస్తున్నట్టు పైకీ కిందికీ కదులుతున్నాయి. పడమటి గోడకు ఒక పెద్ద కిటికీ, దాని కింద నది. తూర్పు గోడకు ఒకే ఒక తలుపు, మూసి ఉంది. మంటపం మధ్య చంద్రకాంతశిల పీట. పీటకు తూర్పున, ఆ తలుపుకు వీపు పెట్టి ధూమకంఠుడు కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి. మాట్లాడినప్పుడల్లా పెదాల మధ్య నుంచి పొగ తీగ బయటికొస్తోంది.

"నడవ దాటి వచ్చిన పండితుల్లో నువ్వే మొదటివాడివి," అన్నాడు వాడు. "కూర్చో. నా ప్రతిజ్ఞ తెలుసుగా. నన్ను గెలిస్తే ఈ కోట, ఈ సింహాసనం, దీని కింది నూట ఎనిమిది గ్రామాలు నీవి. ఓడితే ఆ నడవలో ఇంకో రాతి బొమ్మవవుతావు. బల్ల వేయించనా?"

"అరవై నాలుగు గళ్ళ బల్ల వద్దు," అన్నాడు మాచన పడమటి వైపు కూర్చుంటూ. "ఐదు గళ్ళది కావాలి."

పొగ తీగ తెగింది. ధూమకంఠుడు అతన్ని నఖశిఖపర్యంతం చూశాడు. "విద్వాంసులు ఆ ఆటను చిన్నచూపు చూస్తారు."

"చిన్న బల్ల మీద ఆడడానికి ధైర్యం కావాలి. అక్కడ దాక్కోవడానికి చోటుండదు."

కాదనే వీలు వాడికి లేదు, మంత్రానికి ఉంచిన తలుపు వాడికీ కట్టుబాటే. చందనపు పెట్టె తెరిచి పావులు పన్నాడు. ఒక్కొక్కరికి రాజు, మంత్రి, శకటు, గుర్రం, ఏనుగు, వాటి ముందు ఐదుగురు బంట్లు. రెండు సేనల మధ్య ఖాళీ ఉన్నది ఒకే వరుస. మాచన తన బంట్లను ఒక్కొక్కదాన్నే చూశాడు. నడిమి బంటు గడ్డం మీద చీమ తలంత పచ్చటి చుక్క. పెళ్ళికి ముందు జాతరలో చెంగలువ ఏడుస్తూ పొడిపించుకున్న పచ్చబొట్టు.

ముట్టుకోవాలని వేలు ముందుకెళ్ళింది. ముట్టుకుంటే ఆ పావునే కదపాలి. మాచన వేలు ముడుచుకున్నాడు.

ఆమెకూ చివరి వరుసకూ మధ్య మూడంటే మూడు అడుగులు. పడవలో పలక ఈ కొసన అతను, ఆ కొసన ఆమె కూర్చుంటే ఇంతే దూరం ఉండేది.

ఆట మొదలైంది.

ధూమకంఠుడు పెద్ద బల్ల అలవాటులోనే ఆడాడు. బంట్లను కదిపి గోడ కడదామని చూశాడు, మంత్రిని రాజు పక్కనే దాచుకున్నాడు. "పెద్దోళ్ళంతా ఇంతే మావా," అనేది చెంగలువ, ఆల్చిప్పలు పావులుగా పేర్చుకుంటూ. "ముందు ఇల్లు కట్టుకుని తర్వాత పోరుకెళ్దామంటారు. ఇక్కడ ఇల్లు కట్టే జాగా ఏదీ? మొదటడుగే కత్తి అందేంత దూరం." మాచన అంచు బంటును ముందుకు తోశాడు. అది చచ్చింది, చచ్చి ఏనుగుకు దారి ఇచ్చింది. నాలుగో ఎత్తుకల్లా ఇద్దరి మంత్రులూ ఒకరి చేతిలో ఒకరు పోయారు. బల్ల మీద గాలి ఆడింది.

ధూమకంఠుడి కనుబొమ్మలు ముడిపడ్డాయి. వాడు తెలివైనవాడు, తొందరగానే దారిలో పడ్డాడు. వాడి శకటు ఏటవాలుగా జారి సూటిగా నడిమి బంటు మీద గురిపెట్టింది. చెంగలువకు కాపు కాసే పావు దగ్గరలో ఏదీ లేదు. అందినదల్లా ఏనుగు. ఏనుగుతో శకటును కొడితే పక్కనున్న బంటు ఏనుగును చంపేస్తుంది. మాచన రెండో ఆలోచన లేకుండా కొట్టాడు. ఏనుగు పోయింది.

ధూమకంఠుడు చంపిన ఏనుగును చేతిలో ఆడిస్తూ మెల్లగా నవ్వాడు. "ఏ పండితుడూ ఒక బంటు కోసం ఏనుగును ఇవ్వడు. ఏ రేవు నీది, పడవవాడా?"

మాచన శాలువా తీసి పక్కన పెట్టాడు. "నువ్వు తెడ్డు పట్టిన రేవే."

పాముల కదలిక ఆగిపోయింది. ధూమకంఠుడి గొంతులో పొగ నల్లబడింది, కానీ ఆట నడుస్తుండగా ఎదుటివాణ్ణి తాకే శక్తి వాడికి లేదు. "అయితే నీ భార్య పొడి అవడం నువ్వే చూద్దువుగాని," అన్నాడు.

ఆ తర్వాత ఎత్తులు పిడుగుల్లా పడ్డాయి. బంటుకు బంటు, బంటుకు బంటు. ధూమకంఠుడి రాజు చివరి వరుస మధ్యలో, ఏనుగు మూల గడిలో ఉన్నాయి. మాచన గుర్రం ఎడమ పక్కన ఒక గడిలో దిగింది. అక్కడి నుంచి దాని ఒక కాలు రాజు మీద, ఇంకో కాలు ఏనుగు మీద. "రాజును చూసుకో," అన్నాడు మాచన. రాజు తప్పుకోక తప్పలేదు. గుర్రం మూలకు ఎగిరి ఏనుగును చంపింది. కోపం పట్టలేక రాజే స్వయంగా మూలలోకి వెళ్ళి ఆ గుర్రాన్ని చంపాడు.

చెంగలువ అయితే చప్పట్లు కొట్టేది. చిన్న బల్ల మీద మూలకు వెళ్ళిన రాజు బోనులోకి వెళ్ళినట్టే. మాచన తన రాజును బయటికి తీసి నడిపించాడు. పెద్ద పావులు పోయాక రాజు కూడా సిపాయిలా పని చేయాలని అతనికి నేర్పింది ఆమే. అతని రాజు ఎడమ అంచునే వెళ్ళి, మూలలోని శత్రురాజుకు ఒక్క గడి ఎడంలో కాళ్ళు పాతి నిలబడ్డాడు. మధ్య మధ్యలో వీలు దొరికినప్పుడల్లా నడిమి బంటు ఒక అడుగు వేసింది. తర్వాత ఇంకొకటి. ఆమె చివరి వరుసకు ఒక్క అడుగు దూరంలో ఆగింది.

ఇప్పుడు బల్ల మీద మిగిలినవి ఐదే పావులు. మాచనకు రాజు, శకటు, చెంగలువ. ధూమకంఠుడికి రాజు, గుర్రం. ఆ గుర్రం అంతసేపూ కుడి అంచున నిలబడి నట్టనడి గడికి కాపలా కాస్తోంది. అది అక్కడుంటే మాచన శకటు నడిమి గడిలో దిగలేదు. ఎత్తు ధూమకంఠుడిది. ఇంకో అడుగు పడితే ఆమె మనిషవుతుంది.

ధూమకంఠుడు గుర్రాన్ని ఎత్తి సరిగ్గా చెంగలువ ముందు, చివరి వరుసలో పెట్టాడు. దారి మూసుకుంది.

కానీ నట్టనడి గడి ఖాళీ అయింది. మాచనకు వెంటనే కనిపించింది. శకటును ఒక్క గడి జరిపి నడిమిలో పెడితే ఏటవాలుగా మూలలోని రాజు మీద చూపు పడుతుంది. రాజు ముందు గళ్ళు మాచన రాజు చేతిలో ఉన్నాయి. పక్క గడికి ఏటవాలుగా కాపలా ఉన్నది చెంగలువే. ఎటూ పోలేడు. ఆటకట్టు.

"కనిపించిందిగా," అన్నాడు ధూమకంఠుడు. వాడి గొంతు తేనెలా ఉంది. "నేను ఓడిపోయాను. ఎత్తు వెయ్యి. పొద్దు వాలకముందే నువ్వు ధూమగిరికి రాజువి. నూట ఎనిమిది గ్రామాలు. నీ జన్మలో ఇంకెవరికీ తెడ్డు పట్టనక్కర్లేదు. నీ భార్య ఎక్కడికీ పోదు, పెట్టెలో పదిలంగా ఉంటుంది. పన్నెండేళ్ళు ఎంతసేపు? రాజుగా ఉంటే ఇట్టే గడుస్తాయి."

మాచన కిటికీలోంచి నదిని చూశాడు. ఎండ నీళ్ళ మీద సన్నటి బంగారు చేపలా ఆడుతోంది. మూడేళ్ళలో అతను ప్రతి పొద్దూ రేవులో పడవ కట్టేవాడు. పలక ఎదుటి కొసన ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. వర్షం వస్తే ఆ గళ్ళ మీద గోనె కప్పేవాడు. బాటసారులు వింతగా చూసేవాళ్ళు. మూడేళ్ళు ఎంతసేపో అతనికి గడియలతో సహా తెలుసు.

ఒక వేసవి మధ్యాహ్నం ఆటలో ఇలాంటి చోటే చిక్కుకుని అతను పలకను గుద్దాడు. చెంగలువ తలంతా వెనక్కి వాల్చి నవ్వింది. "పరిగెట్టడానికి చోటు లేనప్పుడు ఆగడం నేర్చుకో మావా. నువ్వాగితే ఎదుటోడు కదలాలి. కదలకుండా ఉండే హక్కు వాడికి లేదు. వాడికి కదపాలని లేని పావే మిగిలిందనుకో, ఇంక నువ్వేం చెయ్యక్కర్లేదు."

మాచన బల్ల వైపు తిరిగి మూలలోని రాజును చూశాడు. దానికి కదిలే గడి లేదు. మిగిలిన కదిలే పావు ఒక్కటే.

అతను శకటును పట్టుకున్నాడు. ధూమకంఠుడి పెదాల మీద నవ్వు విచ్చుకుంది. మాచన శకటును నడిమి గడికి తీసుకెళ్ళలేదు. వెనక్కి, తన వైపు మూలలోకి జరిపి వదిలేశాడు. ఎవరినీ చంపని, ఎవరినీ బెదిరించని ఉత్త ఎత్తు.

"నీ వంతు," అన్నాడు.

ధూమకంఠుడు ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత బల్ల వైపు వంగాడు. రాజు మీద చెయ్యి పెట్టబోయి తీసేశాడు. వాడి నుదుటి మీద చెమట పట్టింది. బంగారు పాములు స్తంభాల మీద నుంచి జారి తలలు నేలకు ఆనించాయి.

"సింహాసనం పోగొట్టుకుంటున్నావు, మూర్ఖుడా. ఇక నీకు ఈ గెలుపు దొరకదు."

"నీ వంతు."

"గంగమ్మ నీకు రాజ్యం ఇస్తే కాలదన్నుతున్నావు. ఆ దేవత ఊరుకుంటుందా?"

"అప్పుడు ఊరుకుంది," అన్నాడు మాచన. "ఇప్పుడు ఏమంటుందో చూద్దాం. కదులు."

గుర్రానికి నాలుగు దారులున్నాయి, నాలుగూ ఆమె ముందు నుంచి తప్పుకునే దారులే. ధూమకంఠుడు గుర్రాన్ని ఎత్తి విసురుగా ఇంకో గడిలో పెట్టాడు.

మాచన అప్పుడు ముట్టుకున్నాడు. బొటనవేలంత దంతం. వేసవి నీళ్ళలో ముంచి తీసినంత చల్లగా ఉంది. దాన్ని ఒక్క గడి ముందుకు జరిపాడు.

పీట పెటిల్లుమని నిలువునా చీలింది. చీలిక పీటతో ఆగలేదు. మంటపం నేల ఉత్తరం నుంచి దక్షిణానికి రెండుగా విడిపోయింది. ఆ పగుల్లోంచి నీలవేణి నీళ్ళు తెల్లటి నురగతో పైకి ఎగదన్నాయి. నీళ్ళలో మొసళ్ళ వీపులు కనిపించాయి. ధూమకంఠుడు ఒక్క కేక పెట్టి నల్లటి పొగగా మారి పైకప్పు కింద సుడి తిరిగాడు. ముత్యాల జాలర్లు తెగి వడగళ్ళలా రాలాయి. మాచన పడమటి గట్టున పడి ఉన్నాడు. తలెత్తి చూశాడు.

తూర్పు గట్టున ఆమె నిలబడి ఉంది.

అదే ఎర్రంచు చీర. అదే జడ, చివర నీటి గడ్డి పోచతో కట్టుకున్నది. మూడేళ్ళ నాటి పడవ తడి ఇంకా చీర కుచ్చెళ్ళకు ఉంది. ఆమె తూర్పు తలుపు వైపు తిరిగి ఉంది. అతనికి కనిపిస్తున్నది వీపు మాత్రమే.

"చెంగలువా," అన్నాడు. మూడేళ్ళుగా గట్టిగా పలకని పేరు. "ఇటు చూడవే."

ఆమె భుజాలు కదిలాయి. మెడ తిప్పబోయింది. తిరగలేదు.

పైన పొగలోంచి ధూమకంఠుడి నవ్వు వినిపించింది. "మనిషైంది, నిజమే. నడక మాత్రం బంటు నడకే, పడవవాడా. బంటు వెనక్కి తిరగదు. ముందుకే పోతుంది. ఒక్కసారి నువ్వు ఆమెకు ఎదురుగా నిలబడి ముఖం చూస్తే తప్ప ఆ నడక వదలదు. ఆమె కంటే ముందు వెళ్ళగలిగితే వెళ్ళు. నీకు అడ్డం పడడానికి నేనూ వెళ్తున్నాను."

తూర్పు తలుపు తనంత తానే తెరుచుకుంది. అవతల కొండ దిగే రాతి మెట్లు, వాటి కింద దట్టమైన వెదురు అడవి. చెంగలువ కాలు ఒక అడుగు ముందుకు పడింది. నల్లటి పొగ ఆమె తల మీదుగా జారి మెట్ల మీదికి వెళ్ళింది.

మాచన పగులు అంచుకు పరిగెత్తాడు. అటు గట్టు పదిహేను మూరల దూరం. కింద ఒక మొసలి నోరు తెరుచుకుని ఉంది. దూకడానికి వెనక్కి తగ్గాడు.

"మావా." ఆమె గొంతు తలుపు వైపుగా వెళ్ళి, రాతికి తగిలి తిరిగి వచ్చింది. "దూకుతావేమో, దూకకు. నీకు ఈత వచ్చుగాని ఎగరడం రాదు."

అతని కళ్ళు మసకబారాయి. "నీ ముఖం చూసి మూడేళ్ళయింది."

"నాకు మాత్రం కాదా?" ఇంకో అడుగు పడింది. తలుపు గడప మీద ఆమె ఆగింది. బలవంతాన ఆపుకుంటున్నట్టు జడ సన్నగా వణికింది. "విను. ఈ కొండ చుట్టూ మన నదేగా. మెట్లు దిగి అడవి దాటితే తూర్పు రేవే వస్తది. నేను ఒక్కో అడుగే వేస్తాను. అడుక్కీ అడుక్కీ నడుమ ఆగడం నాకొచ్చు. నీకు నేర్పింది నేనేగా."

"వాడు నీకంటే ముందే పోయాడే."

"పోనీ. పొగను చూస్తే భయమేటి." ఆ గొంతులో సన్నటి నవ్వు వచ్చింది. ఏడుపు కూడా అందులోనే ఉంది. "అయినా అదేం ఆట మావా? ఎదురుగా ఆటకట్టు పెట్టుకుని శకటును మూలకు తోస్తావా? చూస్తూనే ఉన్నాను. గెలిచే ఆట వదిలేస్తే ఓడినట్టే. రేవు కట్టుబాటు మర్చిపోయావా?"

మాచన మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "మర్చిపోలేదు."

"ఓడినోడే తెడ్డు పట్టాలి. పట్టు మరి. నేను అక్కడ ఎదురుగా వస్తాను."

ఆమె గడప దాటింది. ఎర్రంచు చీర మెట్ల మలుపులో ఒకసారి కనిపించి మాయమైంది.

మాచన పడమటి కిటికీ వైపు పరిగెత్తాడు. వెనక బంగారు పాములు బుసకొడుతూ నేల మీదికి దిగాయి. కిటికీ అంచు ఎక్కి, కింద రేవులో ఊగుతున్న పాత పడవను ఒకసారి చూసుకుని, గంగమ్మ పేరు తలచుకుని దూకేశాడు. నీళ్ళు నెత్తి మీదుగా మూసుకున్నాయి. పైకి తేలి పడవ అంచు పట్టుకుని ఎక్కాడు. మొలలోని కత్తితో తాడు కోశాడు. కొండ అంచున నల్లటి పొగ తీగ తూర్పుకు సాగిపోతోంది.

పడవ పలక తడిగా, బోసిగా ఉంది. మాచన అదే కత్తితో ఆ పలక మీద ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే ఒక్క గీత గీశాడు. మిగిలిన గీతలు ఆమె వచ్చాక గీయొచ్చు. ఎదుటి కొస ఖాళీగా వదిలి, తెడ్డు నీళ్ళలో వేసి, ప్రవాహానికి ఎదురుగా తొయ్యడం మొదలుపెట్టాడు.